ఓర్తె స్టేషనులో సమ్మె

తెల్ల తువ్వాళ్ళు ఏ అరలో ఉన్నాయని దనీలో ఫోను చేసేసరికి లొరెదానా ఎక్కిన రైలు ఇంకా పో నది వంతెన కూడా దాటలేదు.

"అలమర పైఅరలో, దుప్పట్ల వెనక," అంది.

"దుప్పట్ల వెనక ఎందుకు పెట్టావు?"

ముప్ఫై మూడేళ్ళుగా అవి అక్కడే ఉన్నాయి. ఆ మాట అనకుండా, "వచ్చాక ముందుకు పెడతాలే," అంది. ఫోను పెట్టేశాక ఆ 'వచ్చాక' అన్నది ఆమెకే విడ్డూరంగా తోచింది. ఇల్లు వదిలి గంట కాలేదు. తిరిగి వెళ్ళాక చేయాల్సిన పని ఒకటి అప్పుడే మీద పడింది.

లొరెదానాకు యాభై తొమ్మిదేళ్ళు. అద్రియా ఊరి చివర, సముద్రతీరపు హోటళ్ళకు దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసి పంపే లాండ్రీలో ఇరవై ఆరేళ్ళు పనిచేసింది. వ్యాన్లు తోలే మగవాళ్ళ కన్నా ఆవిరి మిషన్ల దగ్గర నిలబడే ఆడవాళ్ళకు జీతం తక్కువెందుకని ఒకసారి ఎవరో అడిగితే, "ఇస్త్రీ మీకు ఇంట్లో అలవాటైన పనేగా తల్లీ, ఇదేం కొత్తా?" అన్నాడు మేనేజరు నవ్వుతూ. ఆ అడిగినావిడ కూడా నవ్వేసింది. మొన్న వసంతంలో లాండ్రీ మూతపడినప్పుడు తలా ఒక పెట్టె చేతిలో పెట్టి పంపారు. ఇంటికొచ్చి విప్పితే అందులో ఇస్త్రీపెట్టె. దనీలో దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మంచి రకమే," అన్నాడు. అతను నిరుడు రిటైరయ్యాడు, ఊళ్ళో బ్యాండు పెట్టి విందు చేశారు. ఆమెది రిటైరు కావడం కూడా కాదు, పని ఆగిపోవడం. అది కూడా లాండ్రీలో పని మాత్రమే.

ఎన్ని వేల హోటలు పడకలకు దుప్పట్లు మడతపెట్టిందో లెక్కలేదు కానీ ఒక్క రాత్రయినా హోటల్లో పడుకోలేదు. అందుకే ఆగస్టులో ఒకరోజు భోజనాల దగ్గర, దక్షిణాదికి ఒక్కదాన్నే వెళ్ళొస్తాను, పదకొండు రోజులు, అనేసింది. ఊరూరా ఆగే చౌక బండ్లు, సన్యాసినుల వసతి గృహాలు, రొట్టే జున్నూ సంచిలోనే. గళ్ళ నోటుబుక్కు కాగితం మీద అన్నీ రాసుకుంది. ఆ సాయంత్రమే ఫ్లోరెన్సు, తర్వాత ఓర్వియెతో, రోము, నేపుల్సు, ఆ పైన కలాబ్రియాలో సముద్రం పక్కన ఏదో ఒక ఊరు. దనీలో ముద్ద మింగి, "ఒక్కదానివా? మాట్లాడటానికి ఎవరుంటారు?" అన్నాడు. ఇంట్లో మాత్రం ఎవరున్నారని లొరెదానా మనసులో వెతికి చూసుకుంది. ఆడపడుచు మిరెల్లా మాత్రం మెచ్చుకుంది. "వెళ్ళిరా వదినా, గాలి మారుతుంది. నీకేం, పిల్లా జెల్లా లేని దానివి, నీ తీరిక నీది." విడిగా ఒంటరిగా ఉండే అత్తగారు జైరా, తన ఇంటి పెరట్లో కోళ్ళకు జొన్నలు వేస్తూ ఆ కబురు విని, అవునని గానీ కాదని గానీ అనలేదు.

బయల్దేరే ముందు నాలుగు రోజులు వండుతూనే ఉంది. పదకొండు మధ్యాహ్నాలకూ పదకొండు రాత్రులకూ డబ్బాలు కట్టి ఫ్రీజరులో పెట్టి, మూతల మీద వారాల పేర్లు రాసింది. చొక్కాలన్నీ ఇస్త్రీ చేసింది. తను లేని ఇంట్లో తను ఉన్నట్టే జరగాలని అంత కష్టపడటం ఎందుకో అప్పుడు తట్టలేదు. రైలు కిటికీ పక్కన కూర్చుని పొలాల్ని చూస్తుంటే తట్టింది. సెలవు పెట్టే ముందు తన బదులు మనిషిని కూడా తనే ఏర్పాటు చేసి వెళ్ళాలన్నది లాండ్రీలో నియమం. ఇంట్లో ఆ నియమం ఎవరూ పెట్టలేదు, అయినా ఆమె పాటించింది.

ఫెర్రారా దాటుతుండగా మిరెల్లా ఫోను.

"వదినా, బొలోనాలో ఎలాగూ బండి మారతావుగా. మా అమ్మాయి నొయేమికి మొన్నటి నుంచీ జ్వరం. ఒక్కసారి చూసి పోదూ. రెండు గంటల పని. నేను వెళ్దామంటే ఆఫీసులో సెలవు దొరకదు, నీకు తెలుసుగా."

తెలుసు. మిరెల్లాకు మునిసిపాలిటీలో ఉద్యోగం, ఆమెకు సెలవు ఎప్పుడూ దొరకదు. మామగారి ఆపరేషనుకు సెలవు పెట్టింది లొరెదానాయే. ఈ నొయేమి పుట్టినప్పుడు బాలింతకు పథ్యం వండటానికి సెలవు పెట్టిందీ ఆమే. పిల్లలు కలగని చేతులు ఖాళీగా ఉంటాయని ఆ ఇంట్లో అందరికీ ఒక నమ్మకం, ఖాళీ చేతులు కనబడితే ఏదో ఒకటి అందిస్తారు. దయతోనే అందిస్తున్నామనుకుంటారు.

"సరే," అంది లొరెదానా.

రెండు గంటల పని రెండు రాత్రులు పట్టింది. నొయేమి బొలోనాలో చదువుకుంటోంది, ఇంకో ఇద్దరమ్మాయిలతో కలిసి మూడో అంతస్తులో ఉంటోంది. జ్వరం నిజమే, కాస్త ఎక్కువే. కానీ లొరెదానా తలుపు తీసేసరికి కనబడింది జ్వరం ఒక్కటే కాదు. తొట్టిలో వారం నాటి గిన్నెలు, స్నానాలగది మూలన బట్టల కుప్ప. మొదట కోడి సూపు పెట్టింది. సూపు ఉడికేలోగా ఊరికే నిలబడటమెందుకని గిన్నెలు తోమింది. గిన్నెలు తోమాక పొయ్యి చుట్టూ జిడ్డు కనబడింది. ఆ రాత్రి వంటింటి సోఫాలో కాళ్ళు ముడుచుకుని పడుకుంది. ఫ్లోరెన్సులో ముందే డబ్బు కట్టిన మంచం ఖాళీగా ఉండిపోయింది.

రెండో రోజు సాయంత్రం, జ్వరం దిగాక, నొయేమి స్నేహితురాలొకతె వంటింట్లోకి తొంగిచూసి, "పాపం మీ అత్త, ప్రయాణం మధ్యలో ఆగి ఇంత చాకిరీ చేస్తోంది," అంది మెల్లగా.

"అత్తకి ఊరికే కూర్చోవడం చేతకాదే," అంది నొయేమి ముద్దుగా. "ఏదో ఒక పని లేకపోతే తోచదు. అంతేగా అత్తా?"

లొరెదానా చేతిలో ఆ పిల్ల లోదుస్తులు ఉన్నాయి, తీగ మీద ఆరేస్తోంది. అంతేలే, అన్నట్టు తల ఊపింది. ఊపాక, ఆ మాట నిజమేనా అని మొదటిసారి అనుమానం వచ్చింది. ఊరికే కూర్చోవడం చేతకాదని తేల్చడానికి ముందు ఎవరైనా తనని ఒకసారి కూర్చోబెట్టి చూడాలి కదా. కుర్చీ ఇవ్వకుండానే, ఈ మనిషికి నిలబడటమంటే ఇష్టం అనేస్తే, ఇరవై ఆరేళ్ళు మిషను ముందు నిలబడి వాచిపోయిన ఆ కాళ్ళు ఎవరి ఇష్టంతో వాచినట్టు? ఆ పిల్ల చెడ్డది కాదు. వెళ్ళేటప్పుడు గట్టిగా కావిలించుకుని, "నువ్వు లేకపోతే ఏమయిపోయేదాన్నో," అంది. ఆ మాట కూడా లొరెదానాకు కొత్త కాదు. ఆమె లేకపోతే ఏమయ్యేదో అందరూ చెబుతారు. ఆమె ఏమయిందో మాత్రం అడగరు.

ఆదివారం మధ్యాహ్నం ఫ్లోరెన్సు స్టేషనులో బండి మారడానికి నలభై నిమిషాలు దొరికాయి. బయటికి వెళ్ళి చూద్దామంటే సామానుతో భయం. ప్లాట్‌ఫారం చివర బల్ల మీద కూర్చుని రొట్టె తింది. ఎవరైనా అడిగితే ఫ్లోరెన్సు చూశానని చెప్పవచ్చా లేదా అని కాసేపు ఆలోచించింది. ఈలోగా దనీలో ఫోను: ఆదివారం డబ్బా కరగబెట్టడం మరిచిపోయాడట, ఇప్పుడు రాయిలా ఉందట, ఏం చేయాలి.

ఓర్వియెతోలో సన్యాసినుల వసతి గృహం కొండ అంచున ఉంది. ఇరుకు గది, ఇనుప మంచం, తెల్ల దుప్పటి. దుప్పటి అంచు సరిగా ఇస్త్రీ కాలేదని చేయి పెట్టగానే తెలిసిపోయింది. రాత్రి భోజనాలకు పొడుగాటి బల్ల దగ్గర ఎనిమిది మంది యాత్రికులు. తినడం అవగానే లొరెదానా లేచి, తన పళ్ళెం మీద పక్కవాళ్ళ పళ్ళెం, దాని మీద ఇంకొకటి పేర్చడం మొదలుపెట్టింది. ఎవరూ వారించలేదు, ఒకాయనయితే తన పళ్ళెం ఆమె వైపు జరిపాడు కూడా. వడ్డిస్తున్న ముసలి సన్యాసిని, సిస్టరు పియెరీనా, వచ్చి ఆ దొంతర చేతుల్లోంచి తీసుకుంది.

"కూర్చో అమ్మా. ఇవాళ వంతు నాది."

"ఫరవాలేదు సిస్టర్, అలవాటే."

"అలవాటని తెలుస్తూనే ఉంది. కూర్చో."

కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒడిలో పెట్టుకుంది, బల్ల మీద పెట్టింది, బల్లగుడ్డ మీద మడత కనబడితే అరచేత్తో సాపు చేసింది. తన ముందున్న పళ్ళెం ఇంకొకరు ఎత్తుతుంటే కూర్చుని చూడటం ఎంత ఇబ్బందో ఎదురుగా ఉన్నాయనకి తెలియదు. ఆయన హాయిగా పళ్ళు కుట్టుకుంటున్నాడు.

మర్నాడు పది దాటాక మెలకువ వచ్చింది. ఊళ్ళో పెద్ద చర్చి ఉంది, దాన్ని చూడటానికి దేశదేశాల నుంచీ వస్తారు. ఆమె దాని మెట్ల దాకా వెళ్ళి, ఎదురుగా గోడకున్న రాతి అరుగు మీద కూర్చుండిపోయింది. లోపలికి వెళ్ళడానికి కాళ్ళు లేవలేదు. ప్రయాణమంటే ఉత్సాహంగా ఉంటుందనుకుంది. కొత్త చోట్లు, కొత్త గాలి, లోపల ఎక్కడో అణిగి ఉన్న పడుచు లొరెదానా పైకి లేచి వస్తుందనుకుంది. పైకి వచ్చింది అలసట ఒక్కటే. ఇన్నాళ్ళూ అది లేదనుకుంది. ఉందని తెలిస్తే పని ఆగిపోతుందని తెలియనట్టు ఉండిపోయింది కాబోలు. ఇప్పుడు పని లేని చోట కూర్చోగానే, వరసలో నిలబడి ఎదురుచూస్తున్నట్టు ఒక్కొక్కటే వచ్చాయి. భుజంలో ఆవిరి మిషను నొప్పి, మామగారిని పక్క మీద తిప్పినప్పుడు పట్టేసిన నడుం, రెండుసార్లు కడుపు నిలవకపోయినా మూడో రోజుకే మిషను ముందుకి వెళ్ళి నిలబడిన కాళ్ళు. అప్పుడు ఏడవడానికి వేళ దొరకలేదు. ఇప్పుడు వేళ ఉంది గానీ ఏడుపు రాలేదు, నిద్ర వచ్చింది. ఎండలో, అరుగు మీద, సంచి ఒళ్ళో పెట్టుకుని, అందరూ చూస్తుండగా నోరు తెరుచుకుని నిద్రపోయింది. సాయంత్రం చర్చి గంటలకు లేచింది. ఎవరూ ఏమీ అనలేదు.

గదికి వచ్చాక దనీలో ఫోను చేశాడు. వాళ్ళ అమ్మ పొద్దున కోళ్ళగూడు దగ్గర జారిపడిందట. కుడి చేతి మణికట్టు విరిగింది, కట్టు కట్టి పంపించారు, ఇంట్లోనే ఉంది, రాత్రిళ్ళు పక్కింటి బ్రూనా వచ్చి పడుకుంటుంది. "కంగారు పడాల్సిందేం లేదు. నువ్వు తిరుగు," అన్నాడు. ఆ మాట మంచిగా అన్నాడని ఆమెకు సంతోషం కలిగింది.

మంగళవారం మధ్యాహ్నం మిరెల్లా చేసింది.

"వదినా, అన్నయ్యా నేనూ కూర్చుని ఆలోచించాం. అమ్మ ఇంక ఒంటరిగా ఉండటం కుదరదు. చేయి బాగయ్యాక కూడా, ఎనభై ఆరేళ్ళు, ఎన్నాళ్ళని? మీ ఇంటికే తెచ్చేద్దామనుకున్నాం. ఆ ఇస్త్రీ గది ఊరికే పడి ఉందిగా. అన్నయ్య బల్ల అప్పుడే కింది కొట్లోకి దించేశాడు. శనివారం తీసుకొస్తాం, నువ్వు శుక్రవారానికి వచ్చేస్తే సర్దుకోవడానికి ఒకరోజు ఉంటుంది."

లొరెదానా ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"అమ్మే అడుగుతోంది వదినా," అంది మిరెల్లా గొంతు తగ్గించి. "లొరెదానా దగ్గరయితేనే ఉంటానంటోంది. కన్నకూతుర్ని నేను, నాకే బాధేసింది. కానీ ఏం చేస్తాం, ఆవిడ మనసు."

"సరే, చూద్దాం," అంది.

అన్న తర్వాత తన నోటి మీద తనకే అసహ్యం వేసింది. ఆ గదిని అందరూ ఇస్త్రీ గది అంటారు. బల్లా, ఇస్త్రీపెట్టే అక్కడ ఉండేవి, నిజమే. కానీ రోజూ పొద్దుటి షిఫ్టు ముగించి వచ్చాక, మధ్యాహ్నం రెండింటి నుంచి మూడింటి దాకా ఆమె ఆ తలుపు వేసుకునేది. ఇస్త్రీ చేస్తోందనుకుని ఎవరూ పిలిచేవారు కాదు. ఆ గంటలో చదువుకునేది, ఒక్కోసారి కిటికీలోంచి కాలవ వైపు చూస్తూ ఉండేది. పని చేస్తున్నానన్న సాకు లేకుండా తలుపు వేసుకునే హక్కు ఆ ఇంట్లో ఆమెకు లేదు. ఇప్పుడు సాకూ పోయింది, తలుపూ పోయింది. అత్తగారు ఇంకా పదేళ్ళు బతకవచ్చు, ఆవిడ గుండె గట్టిది. అప్పటికి తనకు డెబ్భై. ఈ పదకొండు రోజులే తన వాటా అన్నమాట, అందులోంచి కూడా మూడు రోజులు కోత.

బుధవారం పొద్దున సిస్టరు పియెరీనాకి చెప్పి బయల్దేరింది. రోము ఒక్క పూటయినా చూసి, గురువారం రాత్రి బండికి ఇంటిదారి పడదామనుకుంది. నేపుల్సు లేదు, సముద్రం లేదు. ఓర్తెలో బండి మారాలి. దిగి బోర్డు వైపు చూస్తే రోము బండ్లన్నిటికీ ఎదురుగా ఎర్ర అక్షరాలు: రద్దు. ఉత్తరాదికి వెళ్ళేవీ రద్దు.

"సమ్మె," అంది పక్కన నిలబడిన ఒక గర్భిణి, ఇటుక మీద ఇటుక పెట్టినట్టు నిదానంగా. "అయిదింటి దాకా. అయిదు తర్వాత ఏది ముందొస్తే అది."

ఓర్తె స్టేషనులో చూడటానికేమీ లేదు. కాఫీ కొట్టు, నాలుగు బల్లలు, పట్టాల అవతల కంకర. సమ్మె చేస్తున్న రైలుమనుషులు ముగ్గురు నీడలో కూర్చుని పేకాడుకుంటున్నారు. వాళ్ళని చూస్తూ ఆమె చాలాసేపు కూర్చుంది. వాళ్ళు ఎవర్నీ తిట్టడం లేదు, ఏదీ విరగ్గొట్టడం లేదు. ఊరికే కూర్చున్నారు. వాళ్ళు కూర్చోవడం వల్ల దేశమంతా ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

మూడింటికి ఆమె రోము కూడా మానుకుంది. ఎవరి కోసం ఈ అవస్థ, ఉత్తరాదికి పోయే బండి ముందొస్తే దాన్నే ఎక్కేద్దాం, రేపటికి ఇంట్లో ఉండవచ్చు, గది కడిగి ఆరబెట్టుకోవచ్చు. నిర్ణయం చేసుకోగానే బుర్ర దానంతటదే పనిలో పడింది. అత్తగారి రాత్రి గౌన్లు ఎన్ని, చేయి కట్టుతో తొడుక్కోవడానికి ముందువైపు బొత్తాలున్నవి ఉన్నాయా, బీపీ మాత్ర తిండికి ముందా తర్వాతా. కనుక్కుందామని ఆవిడ ఇంటికే ఫోను చేసింది. పొయ్యి పక్కన గోడకున్న పాత ఫోను అది. చాలాసేపు మోగాక ఎత్తింది జైరా.

"ఎవరు? త్వరగా చెప్పు, ఎడంచేత్తో పట్టుకోవడం ఇబ్బందిగా ఉంది."

"నేనే అత్తయ్యా, లొరెదానాని. చేయి ఎలా ఉంది?"

"విరిగినట్టు ఉంది."

"మీ మాత్ర తిండికి ముందా, తర్వాతా? గౌన్లు కూడా ఏవి తెస్తారో చెబితే..."

"ఎక్కడికి తెస్తాను?"

"మా ఇంటికి. శనివారం."

అవతల పొయ్యి మీద ఏదో ఉడుకుతున్న చప్పుడు వినిపించింది.

"చూడు లొరెదానా," అంది జైరా. "నీకు నామీద జాలేమో, నాకు తెలీదు. నువ్వే పట్టుబట్టావట. అత్తయ్య అక్కడ ఒంటరిగా ఉంటే నాకు నిద్ర పట్టదు, తెచ్చుకుందాం, తెచ్చుకుందాం అని దనీలో ప్రాణం తీస్తున్నావట. కాదంటే నీ మనసు కష్టపడుతుందని చెప్పింది మిరెల్లా. నేను నోరు మూసుకున్నాను. కానీ అడిగావు కాబట్టి చెబుతున్నా. నాకు రావాలని లేదు."

లొరెదానా లేచి నిలబడింది. సంచి ఒళ్ళోంచి జారి కింద పడింది.

"నేను పట్టుబట్టలేదు అత్తయ్యా. మీరే అడిగారని చెప్పింది నాతో. లొరెదానా దగ్గరయితేనే ఉంటానన్నారని."

"నీ దగ్గరా?" అంది జైరా. నిజంగానే ఆశ్చర్యపోయింది. "నీ సూపు నీళ్ళలా ఉంటుంది. నీ ఇంట్లో గడియారం గంట గంటకీ మోగుతుంది. నా కోళ్ళని ఏం చేస్తావు, బాల్కనీలో పెంచుతావా?"

లొరెదానాకు నవ్వు వచ్చింది. ఈ అత్తగారితో ముప్ఫై మూడేళ్ళలో ఎన్నడూ నవ్వలేదు. ఆవిడ మాటలు గుచ్చుకునేవి, ఎన్నోసార్లు గదిలోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. ఇవాళ మాత్రం ఆ మాటల్లో తనని గుచ్చేదేమీ కనబడలేదు. తన ఇల్లు తనకి కావాలంటోంది ఆవిడ. తన గది తనకి కావాలని నిన్న తను అనలేకపోయింది.

"ఇప్పుడెక్కడున్నావు?" అంది జైరా.

"ఓర్తె అని, రోముకి కొంచెం ఇవతల. రైళ్ళు సమ్మె. అయిదింటికి మొదలవుతాయి. ఇంటికి వచ్చేద్దామని..."

"రాకు."

"అదేమిటి అత్తయ్యా?"

"నువ్వు వచ్చావంటే శనివారానికి నన్ను మూటగట్టి తెచ్చి నీ మీద పడేస్తారు. నువ్వున్నావు కాబట్టే వాళ్ళకి ఆ ఆలోచన వచ్చింది. నువ్వు లేవనుకో, నన్ను కదిలించే ధైర్యం ఇద్దరికీ లేదు. వంతులేసుకుని వాళ్ళే ఇక్కడికి రావాలి. రానీ. కన్నందుకు చూసుకోనీ. నువ్వు అనుకున్న రోజుకే రా, ముందు మాత్రం రాకు."

"మరి మీ పనులు? తల ఎవరు దువ్వుతారు?"

"వంకరగా దువ్వుతారు. దువ్వనీ. ఎవరు చూడొచ్చారు, కోళ్ళా?" ఆవిడ ఆగి ఊపిరి తీసుకుంది. "నేను రైలెక్కి దూరం వెళ్ళింది రెండుసార్లు. రెండుసార్లూ ఎవరికో ఒంట్లో బాగాలేకే. ఆసుపత్రి తప్ప ఇంకేమీ చూడలేదు." ఇంకేదో చెప్పబోయినట్టుంది గానీ, "సూపు పొంగుతోంది," అని పెట్టేసింది.

లొరెదానా సంచి ఎత్తుకుని మళ్ళీ కూర్చుంది. ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ముప్ఫై మూడేళ్ళుగా ఉన్న ఎడం ఎంత పనికొచ్చిందో ఆమెకు అర్థమవుతోంది. ఒకరి ఇష్టమని ఇంకొకరికి చెబితే చాలు, ఇద్దరూ నోరు మూసుకుంటారు. ఇన్నేళ్ళలో ఇలా ఎన్నిసార్లు జరిగిందో. 'అమ్మకి నువ్వు చేస్తేనే నచ్చుతుంది' అన్న మాట మీద ఎన్ని ఆదివారాలు పోయాయో. అవి తిరిగి రావు. ఆ సంగతి తలుచుకుంటే కోపం రావలసింది, కానీ కోపానికి కూడా ఓపిక కావాలి. ఆమె కళ్ళు మూసుకుని అలాగే కాసేపు ఉండిపోయింది.

అయిదున్నరకు బోర్డు కదిలింది. ముందు వచ్చింది ఉత్తరాది బండే. పెట్టెల ముందు జనం తోసుకున్నారు. ఆమె కూర్చునే ఉంది. ఆ బండి వెళ్ళిపోయాక ప్లాట్‌ఫారం సగం ఖాళీ అయింది. ఆరింటికి రోము బండి వచ్చింది, కిక్కిరిసి ఉంది. తలుపు దగ్గర, ఎవరిదో సైకిలుకి ఆనుకుని నిలబడే చోటు దొరికింది. బండి కదిలాక తనే దనీలోకి ఫోను చేసింది. బయల్దేరాక అతనికి తనంతట తను చేయడం ఇదే మొదలు. మొదటి మోతకే ఎత్తాడు.

"బయల్దేరావా? ఎన్నింటికి చేరతావు? మిరెల్లా మంచం రేపే పంపిస్తానంటోంది."

"మంచం వద్దని చెప్పు. మీ అమ్మ తన ఇంట్లోనే ఉంటుందట."

"ఎవరన్నారు?"

"ఆవిడే. అడిగాను."

"అడిగావా," అన్నాడు దనీలో. గొంతులో కోపం లేదు. అడగవచ్చన్న సంగతి అప్పుడే విన్నవాడిలా ఉన్నాడు.

"నేను పట్టుబట్టానని ఆవిడకి ఎవరు చెప్పారు?"

అతను కాసేపు నసిగాడు. "మిరెల్లా అంది, అలా చెబితే అమ్మ ఒప్పుకుంటుందని. చెడు ఉద్దేశంతో కాదు లోరీ. నీకూ అభ్యంతరం ఉండదనుకున్నాం."

"నన్నూ అడగలేదు."

"నువ్వు ఊళ్ళో లేవుగా."

"ఫోనులో ఉన్నాను దనీలో. తువ్వాళ్ళకి ఉన్నాను, గడ్డకట్టిన డబ్బాకి ఉన్నాను." పక్కనున్నవాళ్ళు వింటున్నారని గొంతు తగ్గించింది. కానీ ఆపలేదు. "బల్ల పైకి తెచ్చి ఎక్కడిదక్కడ పెట్టు. నేను సోమవారం వస్తాను, ముందు అనుకున్నట్టే."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు వినబడింది.

"మరి శనివారం?" అన్నాడు. ఆ గొంతు పెద్దవాడిలా లేదు. "శనివారం అమ్మకి ఒంటికి నీళ్ళు పోయాలి. మిరెల్లా ఉండదు, వాళ్ళ ఆఫీసులో ఏదో ఉంది. కట్టు తడవకుండా చూడాలి, తల రుద్దాలి, గోళ్ళు తీయాలి. అవన్నీ నాకు తెలీదు లోరీ. ఎప్పుడూ నువ్వే కదా."

ఆమె సైకిలు పిడి పట్టుకుని నిలదొక్కుకుంది. ఈ రాత్రి రోములో ఎక్కడ పడుకోవాలో తెలియదు, అనుకున్న గది ఎవరికో ఇచ్చేసి ఉంటారు. కాళ్ళు పీకుతున్నాయి. అతని మీద ఆమెకు జాలి కూడా కలిగింది, ఆ జాలి ఎక్కడికి దారితీస్తుందో తెలిసినదే. నెమ్మదిగా, దెప్పకుండా అంది.

"నాకూ పుట్టుకతో తెలీదు దనీలో. ఇవాళ బుధవారమే కదా. శనివారానికి ఇంకా మూడు రోజులుంది, నేర్చుకో."